కన్నుకొట్టని కారు

కుడిపక్కకి తిరగబోతున్నానని వెనకవాడికి చెప్పుకోడానికి ఎద్దుబండివాడికి చర్నాకోల వుంది. సైకిలువాడికి చెయ్యి వుంది. ఆటోవాడికి కాలు వుంది. బయటికి చాపి మరీ చెబుతాడు. కారులో కూచున్న పెద్దమనిషికి మాత్రం నిమ్మకాయంత బల్బు వుంది. అది వెలిగిందా, సరే. వెలగలేదా, ఆయన మనసులో మాట ఆయన మనసులోనే వుండిపోతుంది. వెనక వస్తున్న లారీ డ్రైవరు పరేంగితజ్ఞుడైతే ఫరవాలేదు. కాకపోతేనే చిక్కు.

ఈసారి ఈ శీర్షికకి మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి తెనాలి నించి ఉత్తరం, ఒకటి రేపల్లె నించి ఉత్తరం. మూడోది బాపట్ల నించి టెలిఫోను. ఆ మూడో ఆయన మా బావమరిది. చుట్టరికం వుంది గనక స్టాంపు ఖర్చు పెట్టుకోడు. మూడు బళ్లూ పాతవే: రెండు అంబాసిడర్లు, ఒక పద్మిని. ఉత్తరపాడా కార్ఖానాలో అంబాసిడర్ల తయారీ 1957లో మొదలై 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు ముందే కనుమరుగైంది. అయినా మన ఊళ్లలో చావళ్లలోనూ, రేకుల షెడ్లలోనూ ఈ బళ్లు ఇంటిపెద్దల్లాగా ఇంకా వున్నాయి. పెద్దవాళ్లకిలాగే వీటికీ చూపు, వినికిడి ముందు తగ్గుతాయి. ఇంజను గుండ్రాయిలాగే వుంటుంది.

అసలు ఈ దీపాల పుట్టుక గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. మా చిన్నప్పుడు తెనాలిలో ఒక డాక్టరుగారికి మోరిస్ మైనర్ వుండేది. ఆ బండికి తలుపుల మధ్య స్తంభంలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి టక్కుమని పైకి లేచేది. రైలు సిగ్నలుకి పిల్ల పుట్టినట్టుండేది. వానాకాలంలో అది బిగుసుకుపోతే డాక్టరుగారు లోపల్నించి గుద్దేవారు. మోరిస్ మైనర్లకి 1961 దాకా అవే చేతులు. అమెరికాలో బ్యూక్ కంపెనీవాళ్లు 1939 మోడలు బళ్లకే వెలిగి ఆరే దీపాలు పెట్టారు. వాళ్లకంటే ముందు, 1914 ప్రాంతంలో, ఒక సినిమానటి ఈ పని చేసింది. ఫ్లారెన్స్ లారెన్స్ అని మూకీల కాలంలో గొప్ప తార. మీట నొక్కితే కారు వెనకాల ఎటు తిరిగేదీ చూపించే పలక లేచే ఏర్పాటు ఆవిడ చేసుకున్నదట. పేటెంటు మాత్రం తీసుకోలేదు. సినిమావాళ్లంటే తెనాలివాళ్లకి అభిమానం జాస్తి గనక ఈ సంగతి అక్కడి పాఠకులకి కానుకగా చెబుతున్నాను.

ఇక మన చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ దీపం కాషాయం కలిసిన పసుపురంగులో వుండాలనీ, నిమిషానికి 60 సార్లకి తగ్గకుండా 120 సార్లకి మించకుండా వెలగాలనీ రాసి వుంది. ఇది కంఠతా పెట్టుకోతగిన అంకె. ఎందుకంటే ఆరోగ్యవంతుడి నాడి ఎంత కొట్టుకుంటుందో ఇంచుమించు అంతే. చేతిగడియారం పట్టుకుని ఎవరైనా లెక్కపెట్టవచ్చు. మెకానిక్కు దగ్గరికి పోయేముందు మీరే వైద్యులు కావచ్చునన్నమాట.

అది వెలిగి ఆరడం వెనక మంత్రమేం లేదు. డాష్‌బోర్డు కింద అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద డబ్బీ ఒకటి వుంటుంది. దాన్నే ఫ్లాషరు అంటారు. పాత రకం డబ్బీలో రెండు లోహాలు అతికించిన సన్నటి బద్ద వుంటుంది. దీపాలకి పోయే కరెంటు దాంట్లోంచి పోతుంది. వేడెక్కుతుంది. నిప్పుల మీద అప్పడం వంకర తిరిగినట్టు బద్ద వంగుతుంది. వంగగానే కరెంటు తెగుతుంది, దీపం ఆరుతుంది. చల్లారి మళ్లీ నిటారవుతుంది, దీపం వెలుగుతుంది. ఆ టిక్కు టిక్కు చప్పుడు అదే. ఈ బద్ద వేడెక్కడానికి లెక్క ప్రకారం కరెంటు కావాలి. ముందొక బల్బు, వెనకొక బల్బు, ఒక్కొక్కటి 21 వాట్లు. రెండూ కలిసి 42 వాట్లు. 12 వోల్టుల బాటరీ మీద మూడున్నర ఆంపియర్లు. ఒక బల్బు మాడిపోయిందనుకోండి, కరెంటు సగమైపోతుంది, బద్దకి వేడి చాలదు. సాధారణంగా రెండో బల్బు వెలిగి వెలిగినట్టే వుండిపోతుంది, లేదా నీరసంగా కొట్టుకుంటుంది. కొత్తరకం ఎలక్ట్రానిక్ ఫ్లాషరైతే ఇందుకు విరుద్ధం. బల్బు పోగానే జ్వరం వచ్చినట్టు గబగబా కొట్టుకుంటుంది. అది జబ్బు కాదు, మీకు కబురు పెట్టడం.

ఇంతే శాస్త్రం. మిగతా అంతా తర్కం.

మా బావమరిది బాపట్లలో మాస్టరు చేసి రిటైరయ్యాడు. లెక్కలు చెప్పేవాడు. ఆయన అంబాసిడరుకి కుడి ఇండికేటరూ లేదు, ఎడమ ఇండికేటరూ లేదు. ఏ పక్కకి మీట వేసినా చప్పుడైనా లేదు. మెకానిక్కు ఫ్లాషరు మార్చాడు. మారలేదు. ఇంకో ఫ్లాషరు మార్చాడు. మారలేదు. ఇప్పుడు స్టీరింగు కింది మీట మొత్తం ఊడబీకి కొత్తది వెయ్యాలనీ, అది దొరకదు గనక విజయవాడలో పాతసామాన్ల కొట్లో వెతకాలనీ అంటున్నాడట.

"మూడో ఫ్లాషరు కొనమంటారా బావగారూ?" అన్నాడు టెలిఫోనులో.

"ఇన్నాళ్లూ ఎలా తిప్పుతున్నావోయ్?" అన్నాను.

"నాలుగు దీపాలూ బ్రహ్మాండంగా వెలుగుతున్నాయిగా! ఎర్రముక్కోణం బొమ్మ మీట. కుడికి తిరిగినా అదే, ఎడమకి తిరిగినా అదే. తిన్నగా పోయినా అదే వేస్తున్నా. ఏదో ఒకటి చెయ్యబోతున్నామని వెనకవాడికి తెలిస్తే చాలదూ?"

చాలదు. ఎందుకు చాలదో ఆయన కూతురు చెప్పింది. ఆ అమ్మాయికి రేపల్లెలో బాంకి వుద్యోగం. ఈమధ్యే లైసెన్సు తీసుకుంది. వారం రోజులు తండ్రి పక్కన కూచుని దారి చూసుకుని తర్వాత తనే బండి నడుపుకుంటానని ఏర్పాటు. బాపట్ల నించి కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె పోయే దారి మీలో చాలామందికి తెలిసే వుంటుంది. కోతలరోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు, వెనక దీపం లేని ట్రైలర్లు, నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీలు, రొయ్యల లారీలు. పొద్దుగూకితే పొలాల మీద్నించి మంచు. చాలాచోట్ల రోడ్డు పక్కన కాలవ.

"నాన్న పెట్రోలు బంకులోకి కుడికి తిప్పబోతూ నాలుగు దీపాలూ వేశాడు మామయ్యా," అంది అమ్మాయి. "వెనక రొయ్యల లారీ వుంది. నాలుగూ వెలిగేసరికి మేం ఆగిపోతున్నాం అనుకున్నాడు వాడు. ఆగిపోయే బండిని ఎటునించి దాటుతారు? కుడినించేగా. మేం తిరిగేది ఎటు? కుడికేగా. ఆ లారీ కొక్కెం మన బండి పక్క అద్దాన్ని పట్టుకుపోయింది. ఇంకో జానెడు తేడా వస్తే తలుపు వుండేది కాదు. ఆ తలుపు పక్క కూచున్నది నాన్న."

నేనేమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయే మళ్లీ, "అద్దం సంతలో ఎవరో విరక్కొట్టారని అమ్మకి చెప్పాం," అంది.

ఈ పత్రిక ఆ ఇంట్లో ముందుగా చదివేది ఆవిడే. అందుకని ఇది రాయడానికి అమ్మాయి అనుమతి తీసుకున్నాను. "రాయి మామయ్యా, నాన్న నా మాట వినడు, అచ్చులో చూస్తే వింటాడు," అంది. చెల్లెమ్మా, తప్పు నాది కాదు.

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం తెనాలి నించి పొన్నూరు మీదుగా బాపట్ల పోయాం. మా ఆవిడ పుట్టింటికి వచ్చిన ఆడపడుచు గనక కాఫీ వైపు పోయింది, నేను షెడ్డు వైపు పోయాను. నా చేతిలో వున్న ఆయుధం ఒక్కటే. చిన్న హోల్డరులో 12 వోల్టుల బల్బు, దానికి రెండు గజాల తీగలు రెండు, చివర్న ఒకదానికి మొసలినోరు క్లిప్పు, ఒకదానికి మేకు. దీన్ని ఇంట్లో ఎవరైనా తయారుచేసుకోవచ్చు. క్లిప్పుని బండి ఇనుముకి తగిలించి, మేకుని ఎక్కడ ఆనిస్తే అక్కడ కరెంటు వుంటే బల్బు వెలుగుతుంది. లేకపోతే లేదు. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు.

ముందు బావమరిదిని ఒక్క ప్రశ్న వేశాను. "నాలుగూ ఒక్కసారి వెలుగుతున్నాయి గదా. అయితే బల్బులు మంచివేనా?"

"మంచివే."

"బల్బుల దాకా పోయే తీగలు?"

"అవీ మంచివే."

"మరి నీ లెక్కలో మిగిలిందేమిటి?"

మాస్టరుగారు గెడ్డం గోక్కున్నారు. చాలా బళ్లలో వున్న సదుపాయం ఇది. పక్క ఇండికేటర్లూ, నాలుగు దీపాలూ వాడుకునే బల్బులు అవే, తీగలు అవే. కాని కరెంటు వచ్చే దారి వేరు. నాలుగు దీపాలకి తిన్నగా బాటరీ నించి వస్తుంది. తాళంచెవి తీసేసినా వెలగాలి గదా, బండి చెడిపోయి ఆగినప్పుడు కావలసినవి. పక్క ఇండికేటర్లకి తాళంచెవి తిప్పాకే వస్తుంది, దానికి ఫ్యూజు వేరు. అంచేత ఒకదాని చేత ఇంకోదాని మీద సాక్ష్యం చెప్పించవచ్చు. నాలుగూ వెలిగి, పక్కవి రెండువైపులా వెలగకపోతే నేరం బల్బుల వైపు లేదు. ఫ్యూజు, ఫ్లాషరు, మీట, ఈ మూడింటిలోనే వుంది. అదే ఒకవైపు వెలిగి రెండోవైపు వెలగకపోతే ఫ్యూజూ ఫ్లాషరూ నిర్దోషులు; ఆ చెడ్డవైపు పోయి వెతకాలి. నాలుగూ లేవు, పక్కవీ లేవు అంటే రెండింటికీ పొత్తు వున్నచోట చూడాలి. కొన్ని బళ్లలో ఫ్లాషరు రెండింటికీ ఒకటే.

ఫ్లాషరు మంచిదో కాదో తేల్చడానికి రెండు కొని పారెయ్యక్కర్లేదు. దాన్ని లాగేసి, కరెంటు వచ్చే తీగనీ దీపాలకి పోయే తీగనీ ఒక చిన్న తీగముక్కతో కలపండి. కుడికి మీట వెయ్యండి. కుడివైపు దీపాలు ఆరకుండా నిలకడగా వెలిగితే తక్కిన సంసారమంతా బాగున్నట్టు, ఫ్లాషరే చచ్చినట్టు. వెలగకపోతే ఫ్లాషరుని అనవసరంగా ఆడిపోసుకున్నారన్నమాట. అక్కడ వెలగలేదు. అసలు ఫ్లాషరు దాకా కరెంటే రావడం లేదు.

"వైపరు పనిచేస్తోందా?" అన్నాను.

"వానలు వెళ్లిపోయాయిగా బావగారూ. వైపరుతో పనేముంది?"

వేసి చూశాం. చలనం లేదు. ఇదీ పట్టు దొరికిన చోటు. పాత బళ్లలో ఫ్యూజులు తక్కువ. ఒక్కొక్కదాని మీద ఇద్దరు ముగ్గురు బతుకుతుంటారు. ఇండికేటరు పోయినప్పుడు దానితోబాటు ఇంకేం పోయాయో చూసుకోవాలి. రెండు మూడు ఒక్కసారే పోతే మీటల జోలికి వెళ్లకుండా తిన్నగా ఫ్యూజుపెట్టె దగ్గరికి నడవాలి.

మూత తీశాను. గాజుఫ్యూజు. లోపలి తీగ తెగలేదు, కంటికి శుభ్రంగా వుంది. మెకానిక్కు కూడా ఇంతవరకూ చూసి మూసేసి వుంటాడు. కాని మేకుని ఫ్యూజుకి ఇటు ఆనిస్తే బల్బు వెలిగింది, అటు ఆనిస్తే వెలగలేదు. ఫ్యూజు బయటికి తీస్తే చూడాలి దాని చోద్యం! రెండు కొసలూ, అవి కూచునే ఇత్తడి క్లిప్పులూ పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. కిలుము. పులుసు పోసిన ఇత్తడి గిన్నెలో వచ్చే కిలుమే. మా ఆవిడైతే చూడగానే చింతపండు పట్టుకొచ్చేది.

బాపట్లకి సూర్యలంక సముద్రం ఎంత దూరం? సాయంత్రం గాలి వేస్తే వీధిలో నిలబడ్డవాడి పెదవుల మీద ఉప్పు తగులుతుంది. ఆ గాలి రేకుల షెడ్డులోకీ వస్తుంది. తలుపుల కింద తుప్పు అందరికీ కనపడుతుంది. ఈ కిలుము ఎవరికీ కనపడదు. కొసలన్నీ గరుకుకాగితంతో రుద్దాను. మా వడ్రంగులు దాన్ని ఉప్పుకాగితం అంటారు. ఉప్పుగాలి చేసినదాన్ని ఉప్పుకాగితమే విప్పింది. క్లిప్పులు కాస్త దగ్గరికి వొత్తి, పల్చగా వేసలీను రాసి, ఫ్యూజు పెట్టేసరికి వైపరు గాజు మీద బర్రున ఒక చుట్టు తిరిగింది. ఎడమ ఇండికేటరు టిక్కు టిక్కుమంది.

కుడిది కూడా అంది గాని, వెనక కుడిబల్బు ఏడ్పుముఖం పెట్టుకుని వెలుగుతోంది. అమ్మాయిని పిలిచి రాత్రిదీపాలు వెయ్యమన్నాను. అప్పుడు తమాషా: కుడి ఇండికేటరు వెలిగినప్పుడల్లా పక్కనున్న ఎర్రదీపం కూడా దానితోబాటు వణుకుతోంది. ఈ గుర్తు కనపడితే ఇంక వేరే చూడక్కర్లేదు. ఎర్తు పోయినట్టే. ఇళ్లలో కరెంటుకి పోను ఒక తీగ, రాను ఒక తీగ వుంటాయి. కారులో పోయేదారికే తీగ. తిరిగి వచ్చేదారి బండి ఇనుమే. బల్బు హోల్డరు ఆ ఇనుముకి గట్టిగా అంటి వుండాలి. మధ్య తుప్పు చేరితే కరెంటుకి ఇంటిదారి వుండదు. పక్కదీపం తీగలోంచి దూరి పోవడానికి చూస్తుంది. అందుకే ఆ వణుకు. పరీక్ష సులువు. బాటరీ మైనస్ కొస నించి వేరే తీగ ఒకటి లాగి హోల్డరు మొలకి తాకించండి. దీపం భగ్గుమంటే ఎర్తుదే తప్పు. బాగా పాతకాలపు బళ్లలో కొన్నిటికి బాటరీ ప్లస్ కొస ఇనుముకి బిగించి వుండేది. మీది అలాంటిదైతే తీగ ఆ కొస నించి లాగాలి.

మాది భగ్గుమంది. తుప్పుమొల తీసి పారేసి, ఇనుము తెల్లబడేదాకా గీకి, కొత్త మొల బిగించాం. గడియారం పట్టుకుని లెక్కపెట్టింది అమ్మాయి. నిమిషానికి 84. తండ్రి మళ్లీ లెక్కపెట్టాడు, లెక్కలమాస్టరు గదా. 84 వచ్చింది. ఉప్పుకాగితం, మొల, వేసలీను కలిపి రెండు కాఫీల ఖరీదు కాలేదు.

తెనాలి ఉత్తరం సంగతి ఒక నిమిషంలో తేలిపోతుంది. ఆయన పద్మినికి పాతబల్బులు తీసేసి కొత్తగా వస్తున్న ఎల్‌ఈడీ బల్బులు వేయించుకున్నారు. "వెలుతురు పుష్కలంగా వుంది కాని మిణుగురుల్లా గబగబా కొట్టుకుంటున్నాయి, షాపువాడు అదే ఫాషను అంటున్నాడు" అని రాశారు. ఫాషనేం కాదండీ. 21 వాట్లు తాగే బల్బు స్థానంలో రెండు మూడు వాట్లు తాగేది పెట్టారు. బల్బు మాడిపోయిందని ఫ్లాషరు అనుకుంటోంది. మీది వేడిబద్ద ఫ్లాషరైతే అసలు ఆరకుండానే వుండిపోయేది. ఎల్‌ఈడీలకి తగిన ఫ్లాషరు వేరే దొరుకుతుంది, అది వేయించండి. కొందరు బల్బు పక్కన ఒక రెసిస్టరు తగిలించి వాట్లు పెంచి ఫ్లాషరుని మోసం చేస్తారు. అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది; ప్లాస్టిక్కుకి ఆనిస్తే కరుగుతుంది. నా మట్టుకు నేను పాతబల్బులే మళ్లీ పెట్టిస్తాను. 60, 120 మధ్య పలికితే ఏ బల్బైనా మంచిదే.

ఇక్కడ ఇంకో మాట. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్టుపెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టే ప్రజ్ఞావంతులు మన జిల్లాల్లో కావలసినంతమంది వున్నారు. ఫ్యూజు మాడుతున్నదంటే ఎక్కడో తీగ ఒలిచి ఇనుముకి తగులుతున్నదన్నమాట. వెండికాగితం మాడదు. దాని బదులు తీగ మాడుతుంది, తర్వాత సీటు. ఆ పని చేసిన మెకానిక్కుకి డబ్బివ్వకండి, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

రేపల్లె పాఠకుడిది వేరే కథ. ఆయన వకీలుగారు. అంబాసిడరు వారానికోసారి కోర్టుకి పోయి వస్తుంది, తక్కిన ఆరు రోజులూ ధాన్యం బస్తాల పక్కన విశ్రాంతి. కుడివైపు బాగా వుంది. ఎడమవైపు ముందూ వెనకా రెండూ లేవు. నాలుగు దీపాల మీట వేసినా కుడివైపువే వెలుగుతున్నాయి. ఇప్పుడు మీరే తర్కించండి. కుడిది వెలుగుతోంది గనక ఫ్యూజు, ఫ్లాషరు మంచివి. నాలుగింటి మీట వేసినా ఎడమవి రావడం లేదు గనక స్టీరింగు మీటది తప్పు కాదు. రెండు బల్బులూ ఒకేరోజు మాడిపోవడం అరుదు. మిగిలింది మీటలకీ బల్బులకీ మధ్య, ముందుకీ వెనక్కీ చీలకముందు, ఎడమవైపుకి పోయే ఒక్క తీగ. అది ఎక్కడ తెగుతుంది? కోతలైపోయాయి, పొలంలో తిండి కరువైన ఎలకలు ఎక్కడికి పోతాయి? బస్తాల దగ్గరికి. బస్తాల పక్కన వెచ్చటి మూల ఏది? వకీలుగారి కారు. డాష్‌బోర్డు కింద దీపం వేసి చూడమని జవాబు రాశాను. తిరుగుటపాలో జవాబు వచ్చింది: తీగతోబాటు రెండు దావా కాగితాలు కూడా కొరికిందట. తీగని కలిపి టేపు చుడితే సరిపోయింది. కాగితాల సంగతి నాకు తెలియదు.

తెగిన తీగలు కలిపేముందు బాటరీ కొస ఒకటి విప్పి పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు గదా. తీగలు మెలిపెట్టి వదిలెయ్యకుండా టంకం వేస్తే మరీ మంచిది. ఒత్తి బిగించే పిన్నులు కూడా దొరుకుతాయి.

వకీలుగారే ఉత్తరం చివర్న అడిగారు: తన మిత్రుడి బండి ఇంకా పాతది, దానికి నాలుగు దీపాల మీటే లేదు, పెట్టించవచ్చునా అని. తప్పకుండా పెట్టించాలి. కాని పాత ఫ్లాషరుతోనే కానిచ్చెయ్యమని మెకానిక్కు అంటాడు, ఒప్పుకోకండి. నాలుగు బల్బులంటే 84 వాట్లు, ఏడు ఆంపియర్లు. రెండు బల్బుల కోసం చేసిన బద్ద ఆ వేడికి నాలుగురోజుల్లో చస్తుంది. బరువు మోసే ఫ్లాషరు విడిగా కొనాలి, బాటరీ నించి ఫ్యూజు వేసి తిన్నగా తీగ తీయాలి. ఉన్న బళ్లవాళ్లు ఆ మీటని నెలకోసారైనా పదిసార్లు నొక్కి వదలండి. చాలా బళ్లలో పక్క ఇండికేటర్ల కరెంటు కూడా ఆ మీటలోంచే పోతుంది. ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే లోపల మసిబారి, ఏ పాపం ఎరగని కుడి ఎడమ దీపాలు ఆరిపోతాయి. పదిసార్లు నొక్కితేనే బాగుపడ్డ బళ్లు నేను చూశాను.

ఆ మీట దేనికోసం అన్నదాని మీద బాపట్లలో మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్ద చర్చ జరిగింది. బండి ఆగిపోయినప్పుడు. టైరు పేలి కాలవగట్టు మీద నిలబడిపోయినప్పుడు. మంచులో వెనకవాడు వచ్చి గుద్దేలా వున్నచోట కదల్లేక వుండిపోయినప్పుడు. అప్పుడు నాలుగూ వేసి, వెనకాల కొంతదూరంలో ఎర్రముక్కోణం పలక నిలబెట్టి, మనుషులు బండి దిగి రోడ్డుకి దూరంగా నించోవాలి. పాతబాటరీ అయితే రాత్రంతా వెలిగించి వుంచదు, అదీ గుర్తుంచుకోవాలి. నడుస్తున్న బండికి వానలోనో మంచులోనో నాలుగూ వేసుకుని పోతే చాలా బళ్లలో కుడికి తిరుగుతున్నానని చెప్పే నోరు పోతుంది. అన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే వెనకవాడికి కుడేది, ఎడమేది?

"మరి నాలుగురోడ్ల దగ్గర తిన్నగా పోయేవాడు ఏ దీపం వెయ్యాలి బావగారూ?" అన్నాడు బావమరిది.

"ఏదీ వెయ్యక్కర్లేదు."

"ఏదీ వెయ్యకపోతే వాడు తిన్నగా పోతున్నాడని ఎలా తెలుస్తుంది?"

"ఏదీ వెయ్యలేదు గనక."

ఆయనకి ఇది బొత్తిగా రుచించలేదు. ఎడమపక్కవాడికి మన ఎడమదీపం ఒక్కటే కనపడి, మనం ఎడమకి తిరుగుతున్నామనుకుని, నమ్మి ముందుకి వచ్చేస్తాడని కంచంలో మెతుకులతో నాలుగురోడ్లు గీసి చూపించాను. ఒక మెతుకు లారీ. మా ఆవిడ ఏమండీ అని మందలించింది. మాస్టరుగారు ఆ బొమ్మని చాలాసేపు చూసి, లారీమెతుకుని తీసి పక్కన పెట్టారు.

సోమవారం పొద్దున్న అమ్మాయి ఒక్కతే రేపల్లె పోయింది. రాత్రి ఏడింటికి ఫోను చేసింది. బంకు దగ్గర కుడికి తిరిగేటప్పుడు వెనక రెండు లారీలు వున్నాయట. వంద గజాల ముందునించే మీట వేసిందట. రెండూ వేగం తగ్గించి, ఆమె తిరిగేదాకా ఆగాయట. కొత్త అద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

పొన్నూరు నించి ఒకరు హారను గురించి రాశారు: ఎడమకి తిప్పినప్పుడల్లా దానంతటదే మోగుతోందట. దాని సంగతి వచ్చేవారం.